గరుసు చప్పుడు ఆగిన చోట

మండపం నీడ నా సైకిలు ముందు చక్రం మీద పడింది. సరిగ్గా అప్పుడే చక్రాల కింద గరుసు చప్పుడు ఆగిపోయింది. సైకిలు ఆగలేదు. తొక్కుతూనే ఉన్నాను. చప్పుడు ఒక్కటే ఆగింది. ఏదో ప్రమాదం ఉందని నాకు మొదట తెలిసింది ఆ క్షణంలోనే.

దయ్యాలను నేను నమ్మను. గుంటూరులో బి.ఎ. దాకా చదివాను. పిల్లలకు ఒళ్లు వెచ్చబడితే డాక్టరు దగ్గరికి పరుగెత్తేదాన్నే కానీ ఏనాడూ తాయెత్తు కట్టించలేదు. ఇప్పుడు రాస్తున్నది కూడా దయ్యం కథ అనుకోకండి. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. పిల్లలు నిద్రపోయారు. ఈ నాలుగు మాటలు రాసేలోపే రెండుసార్లు లేచి వాళ్ల ఊపిరి చూసి వచ్చాను. మూడేళ్లుగా నాకదో అలవాటు.

తుంగభద్ర కాలువ వచ్చాక మావారు గుంటూరు వైపున్న పొలం అమ్మి, కంప్లికి నాలుగు మైళ్ల దూరంలో వరి భూమి కొన్నారు. మాలాగే వచ్చిన పదిహేను కుటుంబాలు ఒకచోట ఇళ్లు వేసుకున్నాం. దాన్ని క్యాంపు అంటారు. క్యాంపు నుంచి కంప్లికి రెండు దారులు. ఒకటి బండి బాట. లారీలు, ఎద్దుబండ్లు, మోకాలి లోతు గోతులు. రెండోది కాలువ గట్టు మీద సన్న కంకర, అదే గరుసు, పరిచిన బాట. గట్టు పాడవుతుందని దానికి అడ్డంగా ఇనుప గొలుసు కట్టి ఉండేది. ఓవర్సీరు జీపు తప్ప ఏ బండీ రాకూడదు. సైకిలును మాత్రం గొలుసు పక్కనుంచి తోసుకుపోవచ్చు.

ఒకపక్క నిండు కాలువ, ఇంకోపక్క వరి, మధ్యమధ్య రాయల కాలం నాటి రాతి మండపాలు, కూలిన కోటగోడ ముక్కలు. పిల్లలను ఎక్కించుకుని వెళ్లడానికి ఇంతకంటే భద్రమైన దారి లేదని క్యాంపులో ఆడవాళ్లందరికీ నేనే చెప్పేదాన్ని.

ఆ దారిలో ఒకచోట, గట్టును ఆనుకుని నాలుగు స్తంభాల మండపం ఉండేది. అక్కడికి రాగానే హనుమంతప్ప సైకిలు దిగి నడిచేవాడు. ఆయన లస్కరు. గట్టు చూసుకోవడం, తూములు ఎత్తడం, దించడం ఆయన పని. మండపం దాటి ఫర్లాంగు రాయి వచ్చాక మళ్లీ ఎక్కేవాడు. ఎందుకని ఒకసారి అడిగాను.

"ఈడ దిగాలమ్మా. మా నాయన బండి దిగి నడుస్తాండె, నేను సైకిలు దిగుతాండా. ఎందుకంటే నాకు తెల్దు" అన్నాడు.

ఆ ఏడాది దసరా సెలవులకు మా తమ్ముడు సత్యం వచ్చాడు. పంతొమ్మిదేళ్లు. వాడికి సైకిలు నేర్పింది నేనే. వెనక పట్టుకున్నానని చెబుతూనే చేతులు వదిలేసి పరుగెత్తేదాన్ని. గట్టు బాట చూసి వాడికి పిచ్చెక్కింది. రోజూ మావారి సైకిలు మీద మా ఉషను ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని తిరిగేవాడు. ఉషకు అప్పుడు ఆరేళ్లు, రఘుకు నాలుగు.

హనుమంతప్ప కనిపిస్తే వాడు ఊరుకునేవాడు కాదు. "ఏం హనుమంతప్పా, సైకిలుకు కాళ్లు నొప్పులా? కాసేపు మోసుకుపో పాపం!" అనేవాడు. ఆయన నవ్వి ఊరుకునేవాడు. ఒక రాత్రి భోజనాల దగ్గర సత్యం లేచి, తలపాగా చుట్టుకుని, లేని సైకిలు తోసుకుంటూ వంటింటి చుట్టూ నడిచి చూపించాడు. పిల్లలు పొట్టలు పట్టుకుని నవ్వారు. నేనూ నవ్వాను.

ఆ తర్వాత రెండు రోజులకు, మంగళవారం మధ్యాహ్నం నాలుగు గంటలప్పుడు, ఉషను క్యారియరు మీద కూర్చోబెట్టుకుని కంప్లి నుంచి వస్తున్నాను. మంచి ఎండ. మొదట చెప్పింది అప్పుడే జరిగింది.

చెవులకేమైనా అయిందేమో అనుకుని బెల్లు నొక్కాను. మోగింది. చైను కిర్రుమనడం వినిపిస్తోంది. కాలువలో నీళ్లు వినిపిస్తున్నాయి. వెనక నుంచి ఉష అడిగింది, "అమ్మా, సైకిలు ఎందుకు మాట్లాడటం లేదూ?" అని.

చప్పుడు ఆగిందని నేను దానికి చెప్పలేదు. తనంతట అదే అడిగింది. ఇది మాత్రం గుర్తుంచుకోండి.

దిగాను. ఉషను ఎత్తుకుని, ఒంటి చేత్తో సైకిలు తోసుకుంటూ నడిచాను. నా చెప్పుల కింద కూడా చప్పుడు లేదు. దూది మీద నడిచినట్టుంది. వెనక్కి తిరిగి చూశాను. పొడి గరుసు మీద చక్రాల గీత స్పష్టంగా పడింది. దుమ్ము కూడా లేచింది. ఫర్లాంగు రాయి దాటగానే కరకరమని చప్పుడు మళ్లీ వచ్చింది.

ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఏమని చెప్పాలి?

మర్నాడు పొద్దున సత్యం కంప్లి కోట చూడటానికి బయలుదేరాడు. ఉష అప్పటికే కడ్డీ ఎక్కి కూర్చుంది.

"ఉషా, దిగు. తలంటి పోయాలి" అన్నాను.

"బుధవారం తలంటేమిటే అక్కయ్యా? ఈ క్యాంపులో వారాలు కూడా వేరా?" అన్నాడు సత్యం.

"దిగమన్నానా!" అని కసిరాను. ఉష ఏడుస్తూ దిగింది.

"నువ్వు బండి బాటన వెళ్లకూడదూ?" అన్నాను వాడితో.

"ఆ గోతుల్లో వెళితే నేనొకసారి, చక్రాలొకసారి వస్తాం ఇంటికి."

చెప్పాల్సింది అప్పుడే. నోటిదాకా వచ్చింది కూడా. కానీ వంటింట్లో వాడు తలపాగాతో నడిచిన నడక కళ్ల ముందు కదిలింది. ఈ రాత్రికి నా నడక నడిచి చూపిస్తాడు అనుకున్నాను. "జాగ్రత్త" అన్నాను. అంతే.

అన్న అబద్ధం నిజం చేయడానికి కుంకుడుకాయలు కొట్టాను. ఉషకు తల రుద్దుతుండగా హనుమంతప్ప పరుగెత్తుకుంటూ వచ్చాడు. నా చేతుల నిండా నురుగు.

మండపం దగ్గర గట్టు ఒక్కసారిగా కాలువలోకి జారింది. దానితోపాటే సత్యం. ఈత రాక కాదు, వాడు కాలువల్లోనే పెరిగినవాడు. మీద మన్ను పడింది. మధ్యాహ్నం దిగువన షట్టర్ల దగ్గర దొరికాడు.

హనుమంతప్ప మా గుమ్మంలో కూలబడి తల కొట్టుకున్నాడు. "తూము కాడనే ఉంటినమ్మా. దిగప్పా అని కేకేయాల్సిండె. కేకేస్తే నగుతాడని ఊరకుంటి" అన్నాడు.

గట్టును లోపలినుంచి ఎండ్రకాయలు తొలిచేశాయని ఓవర్సీరు చెప్పాడు. ఒప్పుకున్నాను. గట్టు ఎందుకు జారిందో దానితో తెలిసింది. చప్పుడు ఎందుకు పోయిందో తెలియలేదు. లోపల బోలుగా ఉంటే చప్పుడు పెరగాలి కానీ పోదని మావారు అన్నారు. నేల తడిసిందేమో అంటే, దుమ్ము లేవడం నేనే చూశాను. నా భ్రమ అందామంటే, ఆరేళ్ల పిల్ల నేను చెప్పకముందే అడిగింది. అన్నిటికీ మించి, హనుమంతప్ప తండ్రి అక్కడ బండి దిగి నడిచిన రోజుల్లో ఆ కాలువే లేదు. ఆయన ఎందుకు దిగేవాడు? మూడేళ్లుగా ఆలోచిస్తున్నాను. నాకు అంతు చిక్కలేదు.

ఆ సాయంత్రమే దహనం కూడా అయిపోయింది. మామయ్య బస్సెక్కి ఊరికి వెళ్లాడని పిల్లలకు చెప్పమని క్యాంపులో పెద్దవాళ్లు అన్నారు. మర్నాడు పొద్దున రఘు లేస్తూనే మామయ్య ఏడని అడిగాడు. ఇంకొక అబద్ధం నా నోట రాలేదు. ఇద్దరినీ దగ్గర కూర్చోబెట్టుకుని, మామయ్య కాలువలో పడి చచ్చిపోయాడని, ఇక రాడని చెప్పాను.

రఘుకు అర్థం కాలేదు. ఉష నా ఒళ్లోకి జరిగింది. దాని జుట్టు ఇంకా జడ వేయలేదు. కుంకుడు వాసన వస్తోంది.

"నన్ను దింపావు కదమ్మా. మామయ్యను ఎందుకు దింపలేదు?"

"నాకు భయం వేసింది తల్లీ. చెబితే మామయ్య నవ్వుతాడని చెప్పలేదు" అన్నాను.