ఆయుధపూజ నాడు మామ దిగని కథ

ఆ రోజుల్లో మిషన్ ఎక్కినవాడల్లా గొప్పవాడని నమ్మేంత తెలివి నాది. డిప్లొమా చేతబట్టుకుని మూకండపల్లిలో మా మామ దగ్గర పనికి చేరాను. బియ్యం అంగడి మూసేసి, ఎత్తున పని చేయను మనుషుల్ని పైకి లేపే లిఫ్టు మిషన్లు ఫ్యాక్టరీలకు బాడుగకిచ్చే వ్యాపారం పెట్టాడాయన. నిచ్చెన రెండు మెట్లెక్కితే కళ్లు తిరిగే మనిషి (ఇది అత్త చెప్పిన రహస్యం), గొప్పలకు మాత్రం తక్కువ లేదు. ఆయుధపూజ వచ్చింది. పూజ చేసిన పనిముట్టును మర్నాటిదాకా తాకకూడదని మామ శాసనం. పొద్దున్నే అత్త చేతిలోంచి కత్తిపీట లాక్కుని బొట్టు పెట్టేశాడు. "వంకాయ దేంతో కోయాల, పంటితోనా?" అంది అత్త. "శాస్త్రం తెలీని దానివి, బొరుగులు తిని ఊరుకో" అన్నాడు.

మా మొదటి గిరాకీ, తళి ఊరి గులాబీ తోట రైతు, తోట పైకప్పు పనికి లిఫ్టు చూసుకోను అప్పుడే వచ్చాడు. ఇంకేం, హారతి తనకూ మిషన్‌కూ కలిపి అందాలని మామ మెడలో దండతో సిజర్ లిఫ్ట్ ఎక్కి షెడ్డు రేకుల దాకా లేచాడు. "ఇది నిట్టనిలువునా పోతుందప్పా, చదును నేల కావాల. ఆ బూమ్ లిఫ్ట్ చెయ్యి చాపి అడ్డాలు దాటుతుంది" అని పైనుంచే ఉపన్యాసం. పంతులు హారతిచ్చాడు. నేను మహా శ్రద్ధగా కింద మిషన్ ఆపే ఎర్ర బటన్ నొక్కి, తాళం తీసి దేవుడి ముందు పెట్టాను.

"రేయ్, దించరా!" అన్నాడు మామ. పూజ అయిపోయింది కదా, రేపటిదాకా తాకకూడదు అన్నాను. "బూమ్ తేరా!" దానికీ బొట్టుంది. నిచ్చెనకూ ఉంది (పెట్టిన మేధావిని నేనే). తాళం లేకుండా దించే పిడి అడుగున ఉంది. చెయ్యి వేయబోతే అత్త పట్టుకుంది. "శాస్త్రం శాస్త్రమే. రేపు దిగుతాడులే."

రైతు పకపకా నవ్వాడు. "ఎక్కేది చూపించినావు శెట్టప్పా, దిగేది యాడుంది?"

గిరాకీ జారిపోతోందని మామకు చెమటలు పట్టాయి. కళ్లు మూసుకుని కమ్మీ కరుచుకున్నాడు. "తల్లీ, కత్తిపీట తీసుకో! వంకాయే కోస్తావో నా పీకే కోస్తావో, నీ ఇష్టం!"

అత్త కొంగుతో మిషన్ మీది కుంకుమ తుడిచి పిడి లాగింది. మామ బుసబుసమంటూ దిగాడు, చూసి నేను విరగబడి నవ్వాను. రైతు ఆయన వైపైనా చూడలేదు. "మా నేల మెత్తన. బాట మీద నిలబడి చెయ్యి చాపేదే పంపించమ్మా" అని అత్తకే చెప్పిపోయాడు.

ఇప్పుడు ఆ వ్యాపారం నాది, శాసనాలూ నావే. ఈసారి పూజకు నా భార్య మిక్సీకి నేనే బొట్టు పెట్టి, గర్వంగా బయల్దేరాను. ఆవిడ బైకు తాళం కొంగున ముడేసుకుని, "దానికీ పూజ అయింది కదా, నడిచి పోండి" అంది. ఎండలో నడుస్తుంటే, ఆనాడు మామను చూసి విరగబడి నవ్విన కుర్రవాడు గుర్తొచ్చి, వాడి మీద జాలేసింది.