పిల్లలు వెళ్ళాక కుట్టిన కుట్లు

కోట్ల దుకాణం ఉన్నన్నాళ్ళూ కత్తెర మాస్టారికి ఒకటే పట్టుదల. వంకర కుట్టుతో బట్ట గడప దాటకూడదు. పనివాడు ఇంటికి పోయాక వాడి కుట్టు విప్పి తనే మళ్ళీ కుట్టేవాడు. దుకాణానికి అది మంచి గుణమే. రెడీమేడ్ కోట్లు వచ్చి గిరాకీ చచ్చిపోయాక దుకాణం మూసి, కుట్టుపని బడిలో మాస్టారుగా కుదిరాడు. గుణాన్ని మాత్రం మూసిన దుకాణంలో వదిలి రాలేదు.

పిల్లలు వెళ్ళాక గది తలుపు దగ్గరికి వేసి, వాళ్ళు కుట్టిన కోట్ల భుజాలు విప్పి తను కుట్టేవాడు. రోజూ ఇంత ఆలస్యమేమిటని భార్య నిలదీస్తే, పరీక్షలో పిల్లల పరువు పోకూడదు కదా అన్నాడు.

"పరీక్ష వాళ్ళకా, మీకా?" అంది ఆవిడ.

వినబడనట్టు చెప్పులు విడవడానికి వంగాడు.

పరీక్షలయ్యాక బడి ప్రదర్శనలో ఆ కోట్లు చూసిన పెద్దలు నోళ్ళు వెళ్ళబెట్టి, ఉత్తమ ఉపాధ్యాయుడని పతకం మెడలో వేశారు. సోదర సంఘం వాళ్ళు తమ హాల్లో సన్మానం చేశారు. ఆ సంఘంలో మాస్టారు లేనిదే కుర్చీ కదలదు. వారానికోసారి తలుపులు బిగించుకుని, అందరూ ఒకే రకం నడికట్లు కట్టుకుని, ఒకరినొకరు అన్నా, తమ్ముడూ అని పిలుచుకుంటారు. సొంత అన్నదమ్ములతో మాటల్లేనివాళ్ళే అందులో సగం మంది.

సంఘంలో పెద్దన్నగా చలామణీ అయ్యే ఆయనకి కోట్లు కుట్టించే కార్ఖానా ఉంది. మాస్టారి మాట మీద, పతకం మీద నమ్మకంతో ఆయన ఒక శిష్యురాల్ని పనిలో పెట్టుకున్నాడు. గుండీల కాజాలు అచ్చు గుద్దినట్టు కుడుతుందని బడిలో అందరూ కాజాల పిల్ల అనేవారు ఆ అమ్మాయిని.

నెల తిరక్కుండానే ఆ పిల్ల బడి గుమ్మంలో నిలబడింది.

"సార్, నా చేతులకేదో అయింది. ఇక్కడ అంత బాగా కుట్టానా, అక్కడ భుజమంతా ముడతలు పడిపోతోంది. శనివారం దాకా చూసి పనిలోంచి పంపేస్తారట. డాక్టరుకి కూడా చూపించుకున్నాను."

"ఏమన్నాడు?"

"చేతులు లక్షణంగా ఉన్నాయన్నాడు."

డాక్టరు దాకా వెళ్ళిందా ఈ పిల్ల, తన మూలంగా?

"నీ చేతులకేం కాలేదమ్మా," అన్నాడు నేల చూపులు చూస్తూ. "ఇక్కడ ఆ భుజాలు కుట్టింది నేను. మీరంతా వెళ్ళాక."

తిడితే బాగుండుననుకున్నాడు. ఆ పిల్ల తిట్టలేదు. తన వేళ్ళ వంక చూసుకుంది.

"మరి కాజాలు?"

"కాజాలు నీవే."

"పోనీలెండి, అవైనా మిగిల్చారు," అని వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం మాస్టారు పెద్దన్న దగ్గర ఉన్నదంతా కక్కేశాడు. పెద్దన్న అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"ఈ మాట మన మధ్యే ఉండనీ తమ్ముడూ. పిల్లదేముంది, పని చేతకాలేదని పంపేస్తాను. నీ పతకం జోలికి ఎవరూ రారు."

మాస్టారికి అప్పుడు తెలిసింది. తన పరువు నిలబడాలంటే ఆ పిల్ల చేతకానిదైపోవాలి.

"పంపకు, అన్నా. రేపట్నించి బడి అయ్యాక నేనే వచ్చి నేర్పుతాను."

"మా వాళ్ళందరి ముందా? ఎందుకొచ్చారని అడుగుతారయ్యా."

"చెప్తాను."

మర్నాడు కార్ఖానాలో అడగనే అడిగారు. చెప్పాడు. మిషన్లు ఒక్కొక్కటే ఆగాయి. ఇస్త్రీ చేసే ముసలాయన పెట్టె పక్కన పెట్టి, "అయితే పతకం సరైన మెడకే పడింది మాస్టారూ, కుట్టింది మీరేగా," అన్నాడు. కార్ఖానా అంతా గొల్లుమంది. మాస్టారు చెవులదాకా ఎర్రబడి, స్టూలు మీద ఒదిగి కూర్చున్నాడు.

కాజాల పిల్ల నవ్వలేదు. కోటు మిషను మీదికి లాక్కుని భుజం కుట్టడం మొదలుపెట్టింది. సగంలో బట్ట పక్కకి జారింది. మాస్టారి చెయ్యి దానంతటదే ముందుకొచ్చింది.

"చేతులు వెనక్కి పెట్టుకోండి సార్," అంది తలెత్తకుండా. "నోటితో చెప్పండి."

పెట్టుకున్నాడు. కుట్టు వంకరగానే వచ్చింది.

"విప్పు," అన్నాడు.

ఆమె విప్పింది.