పొట్టి స్ప్రింగులు, పొడుగు షాకులు

నాయన ఇచ్చిన పాత చిన్న కారంటే నాకు మహా మోజు. పెళ్లైన ఏడాది స్ప్రింగులు కోయించి దాన్ని బాగా కిందికి దించాను. "షాకబ్జార్బర్లు కూడా పొట్టివి, గట్టివి ఎయ్యాలప్పా. బండి గుంతలో పడితే ఈ పొడుగు షాకులు పూర్తిగా నొక్కుకుపోయి, అడుగు తగిలి బండిని ఎగరేస్తాయి" అని మెకానిక్ మస్తాన్ చెప్పినా వినలేదు. కారు అందంగా కనబడితే చాలనుకున్నాను.

ఒకరోజు ఎనిమిదో నెల గర్భిణి అయిన నా భార్య సుజాతను ఆ కారులో బంగారుపాళ్యం నుంచి చిత్తూరు ఆస్పత్రికి తీసుకెళ్తున్నాను. స్పీడ్‌బ్రేకర్ చూసుకోలేదు. కారు దబ్బున కూలబడి, పైకెగిరి, పక్కకు జారి కాలువ అంచున ఆగింది.

సుజాత కడుపు పట్టుకుంది. "బిడ్డ కదల్లే మామా!"

కారు అక్కడే వదిలి ఆటోలో పరుగెత్తాం. డాక్టరమ్మ పరీక్షిస్తున్నంతసేపూ వరండాలో నిలవలేక తిరిగాను. చివరికి లోపలికి పిలిచి బిడ్డ గుండె చప్పుడు వినిపించారు. అక్కడే ఏడ్చేశాను.

మర్నాడే మస్తాన్ దగ్గరికెళ్లి, "నువ్వు చెప్పినవే ఎయ్యన్నా" అన్నాను.

ఇప్పుడు మా పాపకు మూడేళ్లు. ఆ కారంటే దానికి ప్రాణం. పాప ఎక్కి కూర్చున్నాక, వంగి నాలుగు చక్రాల షాకులూ చూసుకోనిదే నేను బండి తీయలేను.