పిన్ని కంప్యూటర్లో నా తప్పులు

నా చిన్నప్పుడు, అవనిగడ్డకి కంప్యూటర్లు కొత్తగా వస్తున్న రోజుల్లో, మా పక్కింటి పిన్ని వీధి గదిలో డీటీపీ సెంటర్ పెట్టింది. శుభలేఖలు, చర్చి పాటల కాగితాలు టైపు చేసేది. బడి వదలగానే నేను టైపు నేర్చుకుంటూ అక్కడే ఉండేదాన్ని.

రెండక్షరాలు కొడితే చాలు, ‘ప్రభువునందు ప్రియులైన సంఘస్థులకు వందనములు’ అని వాక్యమంతా వచ్చిపడేలా పిన్ని ఆ కంప్యూటర్లో అమర్చింది. అది నాకు చెప్పే చేసింది. చెప్పకుండా చేసింది ఇంకొకటి ఉంది. నేను మాటిమాటికీ చేసే తప్పులు కనిపెట్టి, అవి పడగానే వాటంతటవే ఒప్పులయ్యేలా పెట్టింది. నేనేమో కీబోర్డు వంకే చూస్తూ కొట్టేదాన్ని. తలెత్తేసరికి అంతా శుభ్రంగా ఉండేది. నాకు తప్పన్నదే పడదని ఊరంతా చాటుకున్నాను.

క్రిస్మస్ ముందు బందరులో ఒక చర్చివాళ్ళకి టైపు చేసే మనిషి కావలసివస్తే, మా నాన్న గొప్పగా నన్ను బస్సెక్కించి తీసుకెళ్ళాడు. పాస్టరుగారి భార్యని అమ్మగారనేవాళ్ళం. ఆవిడ కుర్చీ చూపించారు. పాటలు పాడేవాళ్ళు చుట్టూ నిలబడ్డారు. ఇచ్చిన పాట గబగబా కొట్టి తలెత్తాను. ప్రతి లైనులోనూ తప్పులే. మళ్ళీ కొడితే మళ్ళీ అవే.

“ఈ కంప్యూటర్ బాగాలేదండీ,” అన్నాను.

అమ్మగారు నన్ను జరగమని, అదే పాట నిదానంగా, ఒక్క తప్పు లేకుండా కొట్టారు. వెనక ఎవరో “ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది” అని నవ్వారు. మా నాన్న తల వంచుకుని చెప్పులు వెతుక్కున్నాడు. తిరుగు బస్సులో ఆయన వేరే సీట్లో కూర్చున్నాడు.

జరిగింది చెబితే పిన్ని ముఖం నాకంటే ఎక్కువ మాడిపోయింది. “నీ తప్పులు దిద్దేలా నేనే పెట్టానే. చిన్నబుచ్చుకుంటావని చెప్పలేదు. నలుగురిలో నిన్ను నవ్వులపాలు చేసింది నేనే,” అంది. ఏడ్చాను. ఆవిడ పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కో దిద్దుబాటూ చూపించి, నా చేతే తీసేయించింది. వందనాల వాక్యం మాత్రం ఉంచింది.

“అది తప్పు లేకుండా కొట్టడం నీకు వచ్చు కదే,” అంది.

మర్నాటి నుంచి నా తప్పులు నాకు కనిపించాయి. మెల్లగా తగ్గాయి.

తప్పులు పడ్డందుకు నాకిప్పుడు సిగ్గు లేదు. వాటిని చర్చివాళ్ళ కంప్యూటర్ మీదికి నెట్టినందుకే సిగ్గు. ఇప్పుడు నా దగ్గర టైపు నేర్చుకునే పిల్లలు తప్పు కొడితే, వాళ్ళు లేచి వెళ్ళాక దిద్దేద్దామని చెయ్యి ముందుకెళ్తుంది. వెనక్కి తీసుకుని వాళ్ళనే పిలుస్తాను. ఎవరైనా ముఖం ముడుచుకుంటే, బందరులో నేనన్న మాట చెబుతాను. చెప్పిన ప్రతిసారీ నా చెవులు వేడెక్కుతాయి.