బోర్డు మీద బొట్టు

కొండాపూర్ బస్టాపులో ఒక పెద్దాయన మా కంపెనీ బోర్డునే చూస్తూ నిలబడ్డాడు. మేము పెట్టిన ఉచిత వైద్య శిబిరంలో నవ్వుతున్న ఒకామె ఫొటో అది. శిబిరం ఒక్క పూటే జరిగింది, బోర్డులు మాత్రం ఏడాదిగా ఉన్నాయి. జనం మమ్మల్ని నమ్మాలంటే నవ్వే ముఖం కావాలి. ఆమెను నవ్వమన్నది నేనే.

“మా ఆమెనే సార్. శిబిరమైనంక నెలకే పోయింది. ఇంట్ల ఇంకో ఫొటో లేదు,” అంటూ ఆయన కుంకుమ తడిపి, బోర్డు అద్దం మీద ఆమె నుదుట బొట్టు పెట్టాడు.

తర్వాత నా మెడలోని కంపెనీ కార్డు చూశాడు.

“ఇంట్ల ఎన్నడూ గిట్ల నవ్వలే. మీరేం చెప్పిన్రు సార్?”

బస్సొచ్చింది, ఎక్కాను. దారిలో ప్రతి స్టాపులోని బోర్డు మీదా ఆమె నుదుట బొట్టు ఉంది. కార్డు లేనిదే ఎవరినీ రానివ్వని మా ఆఫీసు లాబీలోనూ అదే బోర్డు, అదే బొట్టు.

వేలితో తాకాను. బొట్టు ఇంకా తడిగానే ఉంది.