మెరిసే వైపు బొట్టు

కోవిడ్ సద్దుమణిగిన మరుసటి వేసవిలో నేను ఉత్తర వర్జీనియాలోని ఒక ఆసుపత్రిలో, రేడియాలజీ విభాగంలో సీనియర్ ఇమేజింగ్ అనలిస్ట్‌గా ఉన్నాను. పేరు ఘనమే గానీ, స్కాన్ బొమ్మలు సరైన రోగి పేరు కింద సరైన డాక్టరుకు చేరేలా చూడటమే పని. బయటినుంచి సీడీల్లో వచ్చే పాత స్కాన్లు కూడా నా బాధ్యతే. అప్పటికే మా కంప్యూటర్లలో డిస్క్ పెట్టే చోటు లేకుండా పోయింది. నెట్‌వర్క్‌తో సంబంధం లేని ఒక పాత లాప్‌టాప్‌కి యూఎస్‌బీ తీగతో తగిలించే డ్రైవ్ ఒకటి ఉంచేవాళ్లం. డిస్క్ అందులో తెరిచి, వైరస్ లేదని చూసి, పేరూ పుట్టిన తేదీ సరిపోల్చాకే బొమ్మల్ని ఆసుపత్రి సిస్టంలోకి ఎక్కించాలి.

ఒక బుధవారం, ఏదో డిస్క్ చదవడం లేదని, తిప్పి పంపేస్తున్నామని రిసెప్షన్ వాళ్లు ఫోన్ చేశారు. నేను బయటికి వెళ్లాను. అది రాజ్యలక్ష్మిగారిది. ఆవిడ రిటైర్డ్ టీచరు, ఆష్‌బర్న్‌లో ఉన్న కూతురు శిరీష దగ్గరికి వచ్చారు. దగ్గు తగ్గడం లేదని సీటీ తీస్తే ఊపిరితిత్తిలో చిన్న మచ్చ కనబడింది. మర్నాడు సూదితో ముక్క తీసి పరీక్షించాలి. గుంటూరులో కొన్నేళ్ల కిందట తీసిన స్కాన్‌లోనూ ఆ మచ్చ అదే సైజులో ఉంటే సూది అక్కర్లేకపోవచ్చని మా డాక్టరు చెప్పారట. అక్కడి సెంటర్ మూతపడింది. మిగిలింది ఈ డిస్కే.

"ఇదొక్కటే కాపీ ఆంటీ. అమ్మ సరిగ్గా నిద్ర కూడా పోవట్లేదు. ప్లీజ్, ఇంకోసారి ట్రై చేయండి," అంది శిరీష.

డ్రైవ్‌ని నేరుగా లాప్‌టాప్‌కి కాక, ఒకే చోట నాలుగైదు తీగలు పెట్టుకునే హబ్‌కి తగిలించి ఉంచారు. హబ్ నుంచి కరెంటు చాలక డిస్క్ తిరిగి ఆగిపోవడం మాకు మామూలే. తీగ తీసి నేరుగా లాప్‌టాప్‌కి పెట్టాను. ఈసారి బాగానే తిరిగింది గానీ, తెర మీద మళ్లీ 'డిస్క్ లేదు' అనే వచ్చింది. ఒళ్లు మండింది. బయటికి తీసి తిరగేస్తే, డ్రైవ్ చదవాల్సిన మెరిసే వైపే ఎండిపోయిన పసుపు, దాని మీద కుంకుమ బొట్టు.

ప్రయాణానికి ముందు, అంతా బాగుండాలని దేవుడి దగ్గర పెట్టి బొట్టు పెట్టారట. రాజ్యలక్ష్మిగారి మొహం చిన్నబోయింది.

"మెరిసేదే ముందు వైపనుకున్నానమ్మా," అన్నారు.

నవ్వు ఆపుకోలేకపోయాను. ఆవిడా నవ్వేశారు. మెత్తటి గుడ్డ తడిపి, గుండ్రంగా రుద్దకుండా మధ్యనుంచి అంచుకి తుడిచాను. అలా పడే గీతను డ్రైవ్ తట్టుకుంటుంది, చుట్టూ పడే గీతను తట్టుకోలేదు. పసుపు మరక పూర్తిగా పోలేదు. అయినా బొమ్మలు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. ప్రాణం లేచొచ్చింది.

వాటిలో ఏముందో చెప్పే అధికారం నా హోదాకి లేదు. సిస్టంలోకి ఎక్కించి ఊరుకున్నాను. సాయంత్రం డాక్టరే స్వయంగా వచ్చి వాళ్లతో మాట్లాడారు. మచ్చ అప్పుడూ ఉంది, ఇప్పటికీ పెరగలేదు, రేపు రానక్కర్లేదని చెప్పారు.

డిస్క్ లేదని యంత్రం అంటే, దానికి కనబడలేదని మాత్రమే అర్థం. చేత్తో తీసి వెలుతురులో చూడకుండా ఏ డిస్క్‌నీ తిప్పి పంపకూడదన్న నియమం, నేను రిటైరయ్యేదాకా మా విభాగంలో నడిచింది.