పిలుపు వచ్చేదాకా

తిరువళ్లూరు ఆస్పత్రిలో డయాలిసిస్ వార్డు బయటి బెంచీ మీద సుందరరాజ్ వారానికి రెండు రోజులు కనిపిస్తాడు. జేబులో ఎర్ర పెన్ను, ఒళ్లో అట్ట ఊడిన తెలుగు బైబిలు. లోపల భార్య ఆరోగ్యమేరి. ఆమెకు కిడ్నీ కావాలని పేరు రాయించి మూడేళ్లయింది. మొదటి ఏడాదంతా ఆయన గోడకేసి చూస్తూ దేవుడితో పోట్లాడాడు. తరువాత ఎందుకో, మందుచీటీ చదవలేని ముసలివాళ్ల మాత్రల కవర్ల మీద పొద్దుటికి సూర్యుణ్ణి, రాత్రికి చంద్రుణ్ణి గీసివ్వడం మొదలుపెట్టాడు. జలప్రళయం నీళ్లు తీసేదాకా బైబిల్లో నోవహు ఊరికే కూర్చోలేదు, ఓడలో జంతువులకు మేత వేశాడు కదా అంటాడు.

మొన్న గురువారం మద్రాసు ఆస్పత్రి నుంచి కిడ్నీ దొరికింది రమ్మని పిలుపు వచ్చింది, ఆరోగ్యమేరి పక్క మంచం గుణకు. అతను పేరు రాయించి ఏడాదే. అతని తల్లి తంగమ్మ సుందరరాజ్ ముందుకొచ్చి ఏడ్చింది.

"ముందు మీరు కదన్నా!"

"నీ బిడ్డ రక్తానికి కుదిరిందమ్మా. బయల్దేరు," అన్నాడు. ఒళ్లోని బైబిలు మాత్రం జారి కిందపడింది.

"ఆ ఊళ్లో నాకెవురు తెలుసన్నా? యాడికని పోయేది?"

ఆయన వార్డు తలుపు వైపు చూశాడు. ఆరోగ్యమేరి మంచం మీంచే అరిచింది.

"ఏమయ్యా, నువ్వాడ కూర్చుంటే నాకు కిడ్నీ మొలుస్తాదా? తోడు పో. నన్ను మా చెల్లెలు వచ్చి ఇంటికి తీసుకుపోతాదిలే. ఆ ఆస్పత్రికి దోవ బాగా చూసుకొని రా. మనల్ని పిలిచినప్పుడు తడుముకోకూడదు."

తల్లీకొడుకుల్ని అద్దె కారులో వెనక కూర్చోబెట్టి, సుందరరాజ్ డ్రైవరు పక్కన కూర్చుని, ప్రతి మలుపు పేరూ అడిగి తెలుసుకుంటూ వెళ్లాడు.